వేటగుర్తులు – తోలు నిలుపు శిల్పము

పిట్టలవానిపాలెమను పేరు చెవిని పడగానే, ఎవడో యొక పిట్టలవాడు వలయు ఉచ్చులును భుజమున వైచుకొని వచ్చి, నీటియొడ్డున గుడిసె వేసికొని స్థిరపడినట్లు మనస్సునకు తోచును. ఆ మూలపురుషు డెవ్వడో తేల్చుట చరిత్రకారుల పని. మన కా వివాదముతో నిమిత్తము లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల నడుమ నున్న యీ మాగాణిసీమలో పిట్టకును, వేటకానికిని, రైతునకును చిరకాలముగ పొత్తు గలదని మాత్రము నిస్సంశయముగ చెప్పవచ్చును. వెలనాటి చోడుల రాజధానియైన చందవోలు ఈ మండలములోనిదే. దక్షిణమున సముద్రము, నలుప్రక్కల కాలువలు, మురుగుకాలువలు, వరిచేలు. శీతకాలము వచ్చెనా, ఉత్తరదేశములనుండి పరజలు, ఉల్లంకులు గుంపులు గుంపులుగ దిగును. ఇట్టిచోట తుపాకియు గాలమును పట్టినవారు లేకుండుట యెట్లు?

ఆ వేటల గురుతులు తెలుగునాట పాత లోగిళ్లలో నేటికిని కానవచ్చుచున్నవి. సావిడిగోడకు దుప్పికొమ్ములు, పెట్టెయడుగున మడత పెట్టిన చిరుతపులి తోలు, అద్దపు బీరువాలో ఒక కంటి గాజు ఊడిపోయిన బాతు. తాతగారు కొట్టినదని పిల్లలకు చెప్పుదురు. ఎచ్చట కొట్టిరి, ఏ సంవత్సరమున కొట్టిరి అని యడిగినచో సమాధానము రాదు. చెదలు కొంత, చిమ్మట కొంత, తేమ కొంత తినగా మిగిలినది ధూళి. ఈ వస్తువులను చేసిన చేతు లెవ్వరివో, ఇపు డవి యేమి కావలెనో, ఆ విద్య మన సీమలో ఏల నిలువలేదో విచారించుట యావశ్యకము. పొలము, చెరువు, పాతయిల్లు గలవారికి ఇందు చట్టసంబంధమైన చిక్కు కూడ గలదు.

టాక్సిడెర్మీ అని ఇంగ్లీషువారు పిలుచు నీ విద్యను మనవారు తరచుగ పొట్టు కూరుటగా భావింతురు. చచ్చిన దూడతోలులో గడ్డి కూరి, పాడిగేదె యెదుట నిలిపి పాలు పిదుకుకొను వాడుక మనకు తెలిసినదే గనుక ఈ భ్రమ సహజము. ఆవు వాసన చూచి సమాధానపడును. మనుష్యుని కన్ను సమాధానపడదు. మంచి పనివాడు తోలులో దేనిని కూరడు. ముందుగ మృగముయొక్క దేహాకృతిని మట్టితో తీర్చి, అచ్చుపోసి, కాగితపు గుజ్జుతోనో మరియొక తేలికవస్తువుతోనో ఒడలిని నిర్మించి, దానికి తోలును తొడుగును. కండ యెచ్చట ఉబ్బునో, కాలెత్తినపుడు భుజపుటెముక యెటు జరుగునో ఎరుగనివాడు ఎంత విలువగల తోలునైనను బస్తాగా మార్చివేయును. అందుచేత నిది సగము శిల్పము, సగము వైద్యము.

పిట్టల పని మరియు సున్నితము. రొమ్ము క్రిందినుండి సన్నని గాటు పెట్టి, ఈక చెదరకుండ, నెత్తురంటకుండ, చొక్కా విప్పినట్లు తోలు విప్పవలెను. నెత్తురును, క్రొవ్వును పీల్చుటకు రంపపుపొట్టుగాని పిండిగాని చల్లుచుండవలెను. పుఱ్ఱెనుండి మెదడును తీసివేసి, రెక్కలయందును కాళ్లయందును సన్నని తీగ దూర్చి, నారతో చుట్టిన కృత్రిమదేహమును లోపల నమర్చి కుట్టవలెను. పిమ్మట ఈకలను ఒక్కొక్కటిగ సర్ది, దారముతో చుట్టి, ఎండువరకు కదలనీయరాదు. కన్ను మాత్ర మెప్పుడును గాజుదే. జర్మనీలో లౌషా యను గాజుపనివారి యూరు ఇట్టి కన్నులకు ప్రసిద్ధి. మన కొల్లేటి బాతు ఎన్నడును చూడని దేశపు కన్నుతో మన సావిట్లో కూర్చుండుట విచిత్రమే!

ఇక కాలము మాట. చలిదేశములలో చచ్చిన మృగము ఒకటి రెండు దినములు చెడకుండును. కృష్ణాడెల్టాలో అట్లు కాదు. ఉదయమున పడిన పిట్ట మధ్యాహ్నమునకు పొట్ట పచ్చబారును; సాయంకాలమునకు ఈక వ్రేలి కంటుకొని యూడివచ్చును. ఇట్లు చెడిన తోలును లోకములోని యే శిల్పియు బాగుచేయలేడు. పూర్వకాలమున నల్లమలలో పులిని కొట్టిన జమీందారులు తోలును ఉప్పు పట్టించి, ఆరనిచ్చి, రైలుబండిలో మైసూరునకు పంపుచుండిరి. తోలు దళసరిగ నున్నందున పులి ఆ ప్రయాణమునకు తట్టుకొనెడిది. మన పరజ, మన ఉల్లంకి, మన కొర్రమీను తట్టుకొనవు. కావుననే ఇట్టి పనివాడు ఇరుగుపొరుగున, నాలుగుగంటల దూరములో నుండవలెనని మేము చెప్పుచున్నది. స్వదేశాభిమానమునకు ముందే కుళ్లు ఈ వాదమును చేయుచున్నది.

మైసూరు పేరు వచ్చినది గావున ఆ కథ కొంత చెప్పక తప్పదు. 1900 ప్రాంతమున వాన్ ఇంజెన్ అను కుటుంబమువా రచ్చట నొక కర్మాగారమును స్థాపించిరి. వైస్రాయిలు, సంస్థానాధీశులు, కలెక్టరులు తాము చంపిన మృగముల నచ్చటికే పంపిరి. వారి చేతులమీదుగ వెడలిన పులులును చిరుతపులులును 43,000కు పైబడినవని లెక్క చెప్పుచున్నారు. 1999లో ఆ కర్మాగారము మూతపడినది. ఆ యింటివారిలో కడపటి శిల్పియైన జూబర్ట్ వాన్ ఇంజెన్ 2013లో నూరేండ్ల వయస్సున గతించెను. వారి నైపుణ్యమును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని పలకమీద చెక్కబడినది వారి పేరు మాత్రమే. అచ్చులు పోసినవారు, తోళ్లు గీకినవారు, పులి నాలుకకు రంగు దిద్దినవారు మైసూరు కార్మికులు. వారి పేర్లు ఏ గోడమీదను లేవు. దేశమునందలి పులి, దేశమునందలి పనివాడు, బిరుదు మాత్రము సంస్థకు!

తుపాకి సంగతియు నట్టిదే. 1878 నాటి ఆయుధముల చట్టము ననుసరించి భారతీయుడు లైసెన్సులేనిది తుపాకి ముట్టరాదు. యూరోపియనునకు ఆ నిర్బంధము లేకుండెను. 1887లో మద్రాసున కూడిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును సవరింపుమని తీర్మానించినది. రైతు తన చేనిలో పడిన అడవిపందిని కఱ్ఱతో తరుముకొనుచుండగా, దొర వినోదమునకై పందిని, పులిని, బాతును చంపి గోడకు తగిలించెను. ఈ యసమానతకు మన పల్లెలు ప్రతీకారము చేయకపోలేదు. ఖాకీ దుస్తులు, టోపీ, కొయ్యతుపాకి ధరించి, తాను కొట్టిన పిట్టలను, ఏలిన రాజ్యములను గురించి ఆకాశమునకు నిచ్చెనలు వేయుచు వీథులవెంట దిరుగు పిట్టలదొర నెరుగని తెలుగువా డుండడు. తుపాకిరాముడనియు నాతనిని పిలుతురు. గోడమీది పులితలకంటె ఆ బిచ్చగాని మాటలలోనే దొరగారి వేట యథార్థముగ భద్రపరుపబడినదని మా యభిప్రాయము.

చేపల విషయము వేరు. పండుగప్ప నీటినుండి వెలువడగానే వెండివలె మెరయును. గడియ గడువకమున్నే ఆ వన్నె తగ్గును. ఎండిన తోలునకు మట్టిరంగు తప్ప మిగులదు. కనుక చేపను నిలుపువాడు చిత్రకారుడు కూడ కావలెను. గాలమున పడినవెంటనే రంగులను వ్రాసికొని, ఫొటో తీసి, పొడవును, చుట్టుకొలతను కొలువవలెను. పిదప ఒక ప్రక్క ప్లాస్టరుతో అచ్చు తీసి, ఆ ప్రక్కతోలునే నిలిపి, రంగు వేయుదురు. పొలుసు గల బొచ్చె కొంత నయము. పొలుసులేని వాలుగ తోలు ముడుతపడును. దాని తలలోని క్రొవ్వు నెలలు గడచిన పిమ్మట పసుపుపచ్చగా ఊరి రంగును చెడగొట్టును. ఇప్పుడు పడమటిదేశములందు కొలతలను, ఫొటోలను ఆధారముగ గొని గాజునారతో చేప ప్రతిమను చేసి, చేపను ప్రాణముతో నీటిలో విడిచిపెట్టు పద్ధతి వ్యాపించినది. జపానులో చేపకు సిరా పూసి కాగితముమీద ముద్ర తీసికొను వాడుక గలదు. ఈ ముద్ర మన విద్యార్థులు సైతము ఒక పూటలో నేర్వదగినది. చేప కూరకును పనికివచ్చును, గోడకును పనికివచ్చును. కడిగివేయదగిన సిరా వాడవలెనుసుమా.

ఈ విద్యకు కావలసిన ముడిసరకు విదేశములనుండి రావలయునా? గాజుకన్ను తప్ప తక్కినదంతయు మన సంతలో నున్నది. తోలును పదును చేయుటకు తంగేడుచెక్క, కరక్కాయ, సున్నము, పటిక తెలుగుదేశపు తోలుపనివారు తరతరములుగ నెరిగినవి. తోలు ఏ వైపు సాగును, ఎంత గీకినచో చిరుగును, ఏ ఋతువులో ఎన్ని దినము లారవలెను అను జ్ఞానము వారి వ్రేళ్లయందున్నది. ఆ జ్ఞానమును అంటరానిదిగ నెంచి, మైసూరునకు పార్సెలు కట్టిన మన పెద్దల బుద్ధిని ఏమనవలెను? తోలుపనివాని కొడుకునకు శరీరనిర్మాణ శాస్త్రమును, చిత్రలేఖనమును నేర్పినచో వానికి మించిన శిల్పి దొరకడు.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సుదేశమందలి బెకూర్ అను ఔషధవ్యాపారి పాషాణముతో కలిపిన సబ్బును కనిపెట్టెను. పురుగులు దానిని ముట్టవు గావున అది లోకమంతట వ్యాపించినది. పాత లోగిళ్లలోని పిట్టలకును, పులితలలకును ఆ పాషాణము పూయబడియుండుట మిక్కిలి సంభావ్యము. పండుగనాడు దుమ్ము దులుపుటకు పిల్లల నియోగింపరాదు; పెద్దవారైనను ముక్కునకు గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులు వేసికొని ముట్టవలెను. ఇప్పటి పనివారు పాషాణమునకు బదులు వెలిగారమును వాడుచున్నారు.

అయినను, చచ్చిన పిట్టను నిలుపుటవలన దేశమునకేమి లాభమని ప్రశ్నించువా రుందురు. వారికి కలివికోడి కథయే సమాధానము. జెర్డన్ అను సైనికవైద్యుడు మన నెల్లూరు ప్రాంతమున పనిచేయుచు పక్షులను సేకరించెను. ఆయన పంపిన యొక వింతపక్షిని కలకత్తాలోని బ్లైత్ పండితుడు 1848లో వర్ణించి లోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము దిక్కున నొకసారి కనబడిన పిదప ఆ పక్షి జాడ తెలియలేదు. పండితులు అది నశించినదనియే భావించిరి. ఎనుబదియైదేండ్లకు పైగ మ్యూజియముల సొరుగులలోని యెండిన తోళ్లే దాని యునికికి సాక్ష్యములైనవి. వాటి నాధారముగ గొని గీసిన చిత్రమును చేతబట్టుకొని, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడపజిల్లా పొదలలో విచారించిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతమున ఐతన్న యను వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగున ఆ పక్షిని ప్రాణముతో పట్టెను. అది ఎక్కువదినములు బ్రదుకలేదు. దాని తోలును బొంబాయి సంఘమువారు తమ సంగ్రహములో చేర్చిరి. పక్షి యున్నదని రుజువైన కతన శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. తెలుగుగంగ కాలువ దారి కూడ దానికొరకు మార్పబడినది.

ఇందు ముఖ్యముగ గమనింపదగినది రెండు సంగతులు. పట్టభద్రులు తొమ్మిది దశాబ్దములలో కనుగొనలేనిదానిని పట్టినవాడు చదువురాని పిట్టలవాడు. రెండవది, తోలు మాత్రమే చాలలేదు. దానికి కట్టిన చీటి కావలసివచ్చినది. ఏ యూరు, ఏ తేది, ఎవరు పట్టిరి అను మూడు ముక్కలు లేని పిట్టతోలు శాస్త్రమునకు అక్కరకురాదు. కోలారు బంగారుగనులచెంత 1917లో దొరికిన కలివికోడి గ్రుడ్డొకటి స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు పెట్టెలో దాగియుండి, 2013లో గుర్తింపబడినది. గ్రుడ్డును ఎవరో భద్రపరచిరి గనుక గదా అది తేలినది! మన సావిళ్లలోని కొమ్ములకు ఇట్టి చీటి యొక్కటియు లేకుండుటయే పెద్ద నష్టము.

మద్రాసులో 1851లో స్థాపింపబడిన మ్యూజియమును తమిళ సామాన్యులు చచ్చిన కాలేజీ యనియు, జంతుప్రదర్శనశాలను ప్రాణమున్న కాలేజీ యనియు పిలిచిరి. నవ్వుదురు గాక, కాలేజీ యనుటలో వారు పొరబడలేదు. 1908లో పసుపుమెడ పిచ్చుక నొకదానిని కొట్టి, అదేమి పిట్టయో తెలియక బొంబాయి సంఘమునకు తీసికొనిపోయిన బాలునకు, కార్యదర్శి మిలర్డు సొరుగులు తెరచి నిలిపిన పక్షులను వరుసగ చూపెను. ఆ బాలుడే సలీం అలీ. బాపట్లకుగాని రేపల్లెకుగాని చెందిన బాలుడు అట్లు పిట్టను పట్టుకొనిపోయినచో ఏ సొరుగు తెరచి చూపగలము?

ఇపుడు చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించిన పిదప మనదేశమున వినోదవేట పూర్తిగ నిషిద్ధము. పరజను కొట్టి నిలిపింపవలెనను కోరికకు నేడు చోటులేదు. ఉండవలెనని మేము కోరుటయు లేదు. పాతవస్తువుల సంగతి వేరు. నిషిద్ధమృగముల తోలు, కొమ్ము, తల ఇంట నున్నవారు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలిపి స్వామ్యపత్రము పొందియుండవలెను. తెలుపనివారికి 2003లో 180 దినముల గడువిచ్చిరి, అదియు గడచినది. స్వామ్యపత్రము గలవారు చనిపోయినచో వారసుడు 90 దినములలోపల మరల తెలుపవలెను. విక్రయము ఎట్టిపరిస్థితిలోను కూడదు. 2022 సవరణ వలన, పత్రము గలవారు తమ వస్తువును ప్రభుత్వమునకు స్వచ్ఛందముగ అప్పగింపవచ్చును, ప్రతిఫల ముండదు. పొలములో చచ్చిన నెమలి కనబడినను, ఒడ్డున సముద్రపు తాబేలు కొట్టుకొనివచ్చినను అది ప్రభుత్వపు సొత్తు. చేజిక్కించుకొన్నవారు 48 గంటలలో పోలీసు ఠాణాకుగాని అటవీశాఖకుగాని తెలుపవలెను. నిజాంపట్నపు వలలలో పడు రంపపుసొర మూతి కూడ 2001 నుండి నిషిద్ధజాబితాలోనిదే. దానిని గోడకు తగిలించుకొను వాడుక శిక్షార్హము. చెరువులోని కొర్రమీనునకు, బొచ్చెకు మాత్రమిట్టి అడ్డులేదు. రక్షితమృగముల తోళ్లను నిలుపు వృత్తి చేయుటకు లైసెన్సు వలయును.

ఈ నిర్బంధముల నడుమ విద్య బ్రదుకునా యని సంశయింపనక్కరలేదు. బొంబాయి పశువైద్య కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రాచార్యుడైన సంతోష్ గైక్వాడ్ ప్రభుత్వానుమతితో 2009లో సంజయ్ గాంధీ జాతీయోద్యానమున నొక కేంద్రమును నెలకొల్పెను. జంతుశాలలలో సహజముగ మృతినొందిన పులులను, చిరుతపులులను, పక్షులను మాత్రమే ఆ కేంద్రమున నిలుపుదురు. తుపాకిగుండు ప్రసక్తియే లేదు. ఆంధ్రదేశమున తిరుపతిలోను గన్నవరములోను పశువైద్య కళాశాలలున్నవి. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల యున్నది. ఒక గది, రెండు శీతలపుపెట్టెలు, బొంబాయిలో శిక్షణ పొందిన యొక యువకుడు, వాని ప్రక్కన తోలుపని తెలిసిన పెద్ద యొకడు. దీనికి లక్షలు గుమ్మరింపనక్కరలేదు.

సూర్యలంక యొడ్డున జనవరి మొదలు మార్చివరకు గ్రుడ్లు పెట్టవచ్చు తాబేళ్లు ట్రాలరువలలలో చిక్కి చచ్చి కొట్టుకొనివచ్చుట జాలరు లెల్లరు నెరిగినదే. అటవీశాఖవారు వాటిని పూడ్చివేయుచున్నారు. అనుమతి పొంది అందులో చెడనిదాని నొకదానిని నిలిపి, వల కోసిన గాయము కనబడునట్లుగనే బాపట్ల పాఠశాలలో నుంచవచ్చును. ఉప్పలపాటి చెరువులలో గూళ్లు కట్టు గూడబాతు లొకటి రెండు ప్రతియేట సహజముగ చచ్చును, అవియు నట్లే. ఇక పాత లోగిళ్లవారు ముందు చేయదగిన పని చిన్నది. ఇంటిలోని పెద్దవారు జీవించియుండగనే, ఆ కొమ్ములు ఎచ్చటివో, ఆ తోలు ఏ యేటిదో, ఎవరు కొట్టిరో, ఎవరు నిలిపిరో అడిగి, ఒక చీటిమీద సిరాతో వ్రాసి, వస్తువునకు తీగతో కట్టవలెను. నిలిపినవాని పేరు తెలిసినచో దానిని మొదట వ్రాయవలెను.